సగం తిప్పు

ఒతీలియా గ్వెన్‌తెయో. నలభై తొమ్మిదేళ్ళు. సాయంత్రం పని ముగిశాక మోటారు రంపం చైనును సగం తిప్పు వదులు చెయ్యకుండా ఏనాడూ ఇంటికి వెళ్ళలేదు.

కోతలో వేడెక్కిన చైను సాగుతుంది. సాగింది కదా అని బిగించి వదిలేస్తే, చల్లారాక కుంచించుకుపోయి తాను తిరిగే ఇనప బద్దను పీక పట్టుకున్నట్టు పట్టేస్తుంది. చిలోయే దీవి మగవాళ్ళు ఇలాగే రంపాలు పాడుచేసుకుని, తప్పు వాన మీదికి నెడతారు. ఒతీలియాకు నాన్న నేర్పాడు. అప్పట్లో పానా పట్టుకుని పక్కన కూర్చునేది చెల్లెలు సునీల్దా. "సగం తిప్పు చాలు, అక్కా" అని పెద్ద మేస్త్రీలా చెప్పేది.

సునీల్దాకు పంతొమ్మిదో ఏట, పెళ్ళి కాకుండానే కడుపొచ్చింది. అంతకు ముందొక రోజు తెపూ చెట్ల తోపులో కట్టెలేరడానికి వెళ్ళి, ఎర్ర ఊలు శాలువా పోగొట్టుకుని, మాట పడిపోయి ఇల్లు చేరింది. త్రౌకో చూశాడన్నారు ఊళ్ళోవాళ్ళు. పాదాల్లేని మరుగుజ్జు, చేతిలో రాతి గొడ్డలి. వాడి చూపు పడితే ఆడపిల్లకు ఒళ్ళు తెలియదట. ఎంత అనుకూలమైన దెయ్యం! ఒక్క మగవాడి పేరూ బయటికి రానక్కర్లేదు. సునీల్దా పురిట్లోనే పోయింది, బిడ్డతో సహా. ఆ తోపులో ఎవరూ రంపం పెట్టకూడదని శాసించినవాడు చర్చి పెద్ద నోల్బెర్తో.

పాతికేళ్ళ తర్వాత, చలికాలం కట్టెలకు ఊరి అడవిని వాటాలు వేసిందీ ఆయనే. ఒంటరి ఆడదానికి వాటా ఎందుకన్నాడు.

"రంపం నాకిచ్చెయ్ అమ్మాయ్. నీ పొయ్యికి కట్టెలు నేను పంపిస్తాగా."

"రంపం మీకిచ్చి, ఒక్కో కట్టెకీ మీ గుమ్మంలో చెయ్యి చాచాలా? తెపూ తోపు ఎవరి వాటా?"

నోల్బెర్తో చేతిలో మాతే టీ కప్పు నోటిదాకా పోకుండా ఆగింది. "అది ఆ త్రౌకోది. నేనే జన్మలో అటు అడుగు పెట్టలేదు."

"వాడికి అడుగులే లేవుగా. నాకున్నాయి, నేను పెడతా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి తోపంతా పొగమంచు కమ్మింది. కుళ్ళిన ఆకుల వాసన, తడి నాచు వాసన. ఎడమ పక్క చుకావ్ పిట్ట కూసింది. అపశకునం. ఒతీలియా వెనక్కి తిరిగి నిలబడింది. "ఇప్పుడు కుడి పక్కే కదా, కుయ్యి."

తోపు మధ్యలో ఒక ముసలి ఉల్మో మాను. రంపం పెట్టింది. నాలుగు వేళ్ళ లోతు దిగిందో లేదో, చైను టప్పున గాడి తప్పి వేలాడింది.

ఇంజను ఆపింది. మూత విప్పి, గాడిలో పొట్టును పుల్లతో గీకింది. చైను అడుగు పళ్ళను ఒక్కొక్కటే గాడిలోకి దించింది. బద్ద ముక్కు పైకెత్తి పట్టుకుని స్క్రూ తిప్పి, రెండు నట్లూ బిగించింది. చైను లాగి చూసింది. కొంచెం వచ్చి, వదలగానే వెనక్కి కూర్చుంది. వంక పెట్టడానికి లేదు.

మళ్ళీ కోసింది. మళ్ళీ అక్కడే, అదే లోతులో, గాడి తప్పింది.

ఇంజను ఆగిన నిశ్శబ్దంలో...

టక్.

టక్.

రాయితో చెక్కను కొట్టినట్టు.

ఒతీలియా చుట్టూ చూసింది. "నా చెల్లెల్ని చూసింది నువ్వే అయితే ఎదుటికి రా!" అని అరిచింది. "ఈసారి నన్ను చూడు!"

శబ్దం ఆగింది. తర్వాత ఇంకా దగ్గర్నుంచి... టక్.

హడావిడిగా చైను ఎక్కించింది. వేడి మీదే, బలంకొద్దీ బిగించేసింది. ఇంకెవరైనా చేసి ఉంటే ఏడాదంతా చెప్పుకుని నవ్వే పని. పానా జేబులో పెట్టుకుని, రంపం నేల మీద దించి, మానుకు వీపు ఆనించి నిలబడింది. మంచు మోకాళ్ళదాకా వచ్చింది. చైను చల్లారిపోయింది.

టక్... టక్...

అప్పుడు తెలిసింది. శబ్దం అడవిలోంచి రావడం లేదు. ఆమె వీపు వెనక నుంచి వస్తోంది. మాను లోపల్నించి.

చెవి పక్కనే, ఊపిరంత సన్నగా...

"సగం తిప్పు చాలు, అక్కా."

ఒతీలియా పరిగెత్తలేదు. కిందికి వంగి చైను పట్టుకుంది. బద్దకు బిగుసుకుపోయి ఉండాలి. లాగింది. కొంచెం వచ్చి, వదలగానే వెనక్కి కూర్చుంది.

జేబు తడిమింది. పానా జేబులోనే ఉంది.

వెంట తెచ్చుకున్న గొడ్డలి అందుకుని, రంపం ఆగిన చోట చెక్క తొలిచింది. కోతకు గోరంత ముందు ఇనుము తగిలింది. ఎవడో ఎప్పుడో చెట్టును సగం కోసి, ఆ కోతలో దిగ్గొట్టి వదిలేసిన చీల. దాని మీదుగా మాను పెరిగిపోయింది. చైను ఆ ఇనుముకు తగిలి ఉంటే తెగి మొహం మీదికి వచ్చేది. ఈ దీవిలో ఎవరి పనిముట్ల మీద వాళ్ళ గుర్తు కొట్టుకుంటారు. చీల తల మీద గుండ్రంలో చేప. జన్మలో అటు అడుగు పెట్టని నోల్బెర్తో గుర్తు.

చీలకు చుట్టుకుని ఎర్ర ఊలు పోగు.

చీలనూ పోగునూ పెకలించి జేబులో వేసుకుంది. జానెడు పైన రంపం పెట్టి కోసింది. ఈసారి చైను గాడి తప్పలేదు. ఉల్మో కూలింది, తోపంతా అదిరింది.

చీకటి పడబోతుండగా చైను వదులు చేద్దామని పానా తీసింది. చైను అప్పటికే వదులుగా ఉంది. సరిగ్గా సగం తిప్పు.

టక్, టక్ శబ్దం మాత్రం ఆగలేదు. అది ఇప్పుడు తోపు దాటి, బాట వెంట, ఊరి వైపు పోతోంది.

ఆదివారం చర్చిలో నోల్బెర్తో ప్రార్థన చెప్పే పీట మీద ఒతీలియా ఆ చీలా ఎర్ర పోగూ పెట్టి, చెల్లెలి పేరు పక్కన ఆయన పేరు చేర్చి మూడుసార్లు గట్టిగా పలికింది.