సమయం అనుకూలిస్తే

ఆ రోజు పొద్దున్న వీరరాఘవయ్యగారింట్లో ఉప్మా అయిపోయేసరికి పరిషత్తు కార్యవర్గ సమావేశం కూడా అయిపోయింది. రెండూ ఒకేసారి అయిపోవడం ఆ సంస్థ ఆనవాయితీ. బాపట్ల బస్సు దిగి ఒకరు, రేపల్లె రైలు దిగి ఒకరు, తెనాలిలోనే చెప్పులేసుకుని నడిచి ఇద్దరు వచ్చి, వరండాలో కూర్చుని జీడిపప్పులు ఏరుకు తింటూ, మండల చరిత్ర సాహిత్య పరిషత్తు వార్షిక సభలు వచ్చే శని, ఆదివారాల్లో తెనాలిలో జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ సంగతి అచ్చయిన ఆహ్వానాలు అప్పటికే అందరి జేబుల్లోనూ ఉన్నాయి. చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

మాణిక్యాంబ ప్లేట్లు తీస్తూ బల్ల మీదున్న ఆహ్వానం ఒకటి చేతిలోకి తీసుకుంది. ఆదివారం ఉదయం వ్యాసపఠనం. పేర్లన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున, చీమలంత అక్షరాల్లో ఇలా ఉంది: "సమయం అనుకూలిస్తే, కుమారి వసుంధర, ఎం.ఏ."

సమయం రెండేళ్ళుగా అనుకూలించడం లేదు. ముందటేడు బాపట్లలో ముఖ్య అతిథి తన బాల్యం గురించి మొదలుపెట్టి, ఉపనయనం దాకా వచ్చేసరికి భోజనాలకి గంట కొట్టారు. కిందటేడు రేపల్లెలో సమయం అనుకూలించబోయింది గానీ రైలు అనుకూలించలేదు. వసుంధర "సభకు నమస్కారం" అనగానే సభ మొత్తం సంచులు తీసుకుని స్టేషనుకి పరిగెత్తింది.

"ఏమండీ, ఈ ఏడు కూడా పిల్లని అడుక్కి తోసేశారేంటి?" అంది మాణిక్యాంబ.

వీరరాఘవయ్య అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాడు. పద్దెనిమిదేళ్ళుగా పరిషత్తుకి కార్యదర్శి. "కన్నకూతుర్ని ముందు పెట్టుకున్నాడంటారే," అన్నాడు నురగలోంచి.

"కిందటేడు ప్లీడరు సుందరయ్యగారి అల్లుడు ముందు చదివాడుగా?"

"అల్లుడు వేరు, కూతురు వేరు. అల్లుణ్ణి పెడితే మర్యాద అంటారు. కూతుర్ని పెడితే పక్షపాతం అంటారు. ప్రజాజీవితం నీకు తెలీదు."

"నాకు తెలిసిన ప్రజాజీవితం ఉప్మా ఒక్కటే లెండి. ఈసారి వాల్తేరు ప్రొఫెసరుగారు అధ్యక్షులుగా వస్తున్నారు. మీ పరిషత్తులో చదువమ్మా, వింటాను, బాగుంటే ఈ ఏడు నా దగ్గర పరిశోధనకి తీసుకుంటానని గుంటూరులో పిల్లకి మాటిచ్చారు. ఆయన తీసుకునేది ఒక్కర్నే. ఇదొక్కటీ తప్పిపోతే పిల్ల ఇక ఇంట్లో కూర్చుని మీ సంచికలకి తప్పులు దిద్దుకోవాల్సిందే."

"సమయం అనుకూలిస్తే చదువుతుందిగా! వద్దన్నానా? అయినా అదేం వ్యాసమే? లంకల్లో అరటితోటలంట తిరిగి ముసలమ్మలతో మాట్లాడితే చరిత్రవుతుందా? శాసనమేదీ? ప్రార్థనగీతం పాడమను. దండలు కూడా అదే అందిస్తుంది. అందరి కళ్ళలోనూ పడుతుంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వసుంధర ఇదంతా విన్నది. కొల్లూరు అవతల కృష్ణ మధ్యలో తేలిన లంకల్లో రెండు వేసవులు తిరిగి, వరదకి కొట్టుకుపోయిన లంకల పేర్లు పోగుచేసి రాసిన వ్యాసం అది. కాఫీ గ్లాసు తండ్రి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అలా చప్పుడు చెయ్యకుండా గ్లాసు పెట్టడం ఆ పిల్ల కోపానికి గుర్తని మాణిక్యాంబకి తెలుసు. వీరరాఘవయ్య కాఫీ బావుందన్నాడు.

తర్వాత అద్దంలోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "ఆరోగ్యం సహకరించడం లేదు. యువతరం ముందుకు రావాలి. సభ్యులు నన్ను మన్నించి ఈ భారం నుంచి తప్పించాలి."

అది రాజీనామా ఉపన్యాసం. ఏటా సర్వసభ్య సమావేశంలో ఆయన రాజీనామా చేస్తాడు. వెంటనే రేపల్లె ప్లీడరు సుందరయ్య లేచి, "ఆయన లేని పరిషత్తు తల లేని మొండెం! ఏకగ్రీవంగా కొనసాగాలి!" అంటాడు. చప్పట్లు. వీరరాఘవయ్య కండువాతో కళ్ళొత్తుకుని, సభ్యుల ఒత్తిడికి లొంగిపోతాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆరోగ్యం తేడా చేసిందేమీ లేదు. యువతరం అన్నప్పుడు మాత్రం ఎవరైనా కుర్రాళ్ళు కదులుతున్నారేమోనని ఓ కన్ను వేసి ఉంచుతాడు.

శనివారం సభ బ్రహ్మాండంగా మొదలైంది. వసుంధర ప్రార్థన పాడింది, దండలు అందించింది. వాల్తేరు ప్రొఫెసరు దండ వేయించుకుంటూ, "రేపు వింటానమ్మా," అన్నాడు. సంతాప తీర్మానం కోసం అందరూ లేచి నిలబడ్డారు. ఆ తీర్మానం వీరరాఘవయ్య ముందే రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలిపెడతాడు. ఏ ఏడూ ఆ ఖాళీ వృథా పోలేదు.

మధ్యాహ్నం భోజనాలు. వంటవాళ్ళని పెట్టినా బొబ్బట్లు మాత్రం మాణిక్యాంబే చెయ్యాలి. అది సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించని తీర్మానం. ఆవిడ నెయ్యిగిన్నె పట్టుకుని సుందరయ్య ఆకు దగ్గరికి వచ్చింది.

"వదినగారూ, కిందటేటి కంటే కాస్త చిన్నవి చేసినట్టున్నారే?" అన్నాడాయన, రెండోది తుంచుకుంటూ.

"అయ్యో, అలాగా అన్నయ్యగారూ?" అని ఆవిడ ఇంకో రెండు వేసి, మీద నెయ్యి ధార కట్టించింది. కావాలనే వేసిందా అని ఊళ్ళో తర్వాత చాలామంది అడిగారు. అప్పుడు ఆవిడ మనసులో ఏమీ లేదు. ఒళ్ళు మండింది, వేసింది.

భోజనాలయ్యాక సర్వసభ్య సమావేశం. దీనికి కావలసినంతమంది సభ్యులు ఎన్నడూ రారు. ఆకులు ఎత్తేశాక సగం మంది కిళ్ళీ పేరు చెప్పి జారుకుంటారు. అందుకని చాలా ఏళ్ళ క్రితమే వీరరాఘవయ్య భార్యని శాశ్వత సభ్యురాలిగా చేర్పించాడు. ఏటా ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చి, సంతకం పెట్టి, ఆఖరి వరసలో కూర్చుంటుంది. అంతవరకే ఆవిడ సభ్యత్వం. సంఖ్య సరిపోతుంది.

వీరరాఘవయ్య లేచాడు. ఆరోగ్యం సహకరించడం లేదన్నాడు. యువతరం అన్నాడు. "సభ్యులు నన్ను మన్నించి ఈ భారం నుంచి తప్పించాలి," అని తలవంచుకుని నిలబడ్డాడు.

సభ నిశ్శబ్దంగా ఉంది. ముందు వరసలో సుందరయ్య నాలుగు బొబ్బట్ల బరువుతో, గడ్డం గుండెకి ఆనించి, హాయిగా నిద్రపోతున్నాడు. వీరరాఘవయ్య దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. "తప్పించాలి," అన్నాడు ఇంకాస్త గట్టిగా. సుందరయ్య గురక పెట్టాడు.

ఆ నిశ్శబ్దంలో మాణిక్యాంబకి తను లేచి నిలబడ్డట్టు నిలబడ్డాకే తెలిసింది.

"తప్పిద్దామండి," అంది. "ఆయన పాపం అడుగుతున్నారుగా. రాజీనామా ఆమోదిద్దాం."

ఒక్కసారి తలలన్నీ వెనక్కి తిరిగాయి. బాపట్ల యాకోబు మాస్టారు మెల్లగా లేచాడు. మిషను స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. "చెల్లెమ్మ చెప్పింది నేను బలపరుస్తున్నానండి. పద్దెనిమిదేళ్ళనుంచి ఒక మనిషి విశ్రాంతి అడుగుతుంటే మనం ఇవ్వకపోవడం పాపం. ఆదివారం పూటైనా విశ్రాంతి ఇవ్వమని మా గ్రంథంలో కూడా ఉంది."

వాల్తేరు ప్రొఫెసరు పై ఊరివాడు. ఊరి ఆనవాయితీలు ఆయనకి తెలీవు. "వ్యతిరేకించేవారున్నారా?" అని అడిగాడు. పరిషత్తు పుట్టాక ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగలేదు. జవాబెలా చెప్పాలో సభ్యులకి తెలియలేదు. "ఆమోదించడమైనది," అన్నాడు ప్రొఫెసరు. ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకి సుందరయ్య ఉలిక్కిపడి లేచి, "ఆయన లేని పరిషత్తు తల లేని మొండెం! ఏకగ్రీవంగా కొనసాగాలి!" అని, పని పూర్తయిన తృప్తితో మళ్ళీ కూర్చున్నాడు.

"మొండెం కొనసాగాలంటున్నారా?" అన్నాడు ప్రొఫెసరు అర్థంకాక.

ఆ తర్వాత జరిగింది సభ కాదు, సంత. కుట్ర అన్నారు. బాపట్ల వాళ్ళు రేపల్లె వాళ్ళని, రేపల్లె వాళ్ళు బొబ్బట్లని తిట్టారు. చివరికి, బలపరిచినవాడే మొయ్యాలని, యాకోబు మాస్టార్ని కార్యదర్శిని చేశారు.

వీరరాఘవయ్య ఇంటికొచ్చి పడక్కుర్చీలో కూలబడ్డాడు. మెడలో దండ తియ్యడం కూడా మర్చిపోయాడు.

"ఊరు ఊరంతా నవ్వుతోంది. పరాయివాళ్ళు చేస్తే సహించేవాణ్ణి. నా ఉప్పు తిన్న మనిషివి..."

"ఎవరి ఉప్పు ఎవరు తిన్నారో వంటింటినడగండి," అంది మాణిక్యాంబ. "అడిగారు, ఇచ్చాం. ఇవ్వకపోతే అడుగుతారు, ఇస్తే ఏడుస్తారు. నిజంగా వద్దనుకోనివాళ్ళు వద్దనడం ఎందుకు?"

"అది పద్ధతే! మర్యాద! వద్దనాలి, వాళ్ళు కాదనాలి!"

"పిల్ల విషయంలోనూ అంతేనా? అది చదువుతానంటుంది, మీరు కాదంటారు. మీ నిజాయితీకి చప్పట్లు. రేపు యాకోబు మాస్టారు దాన్ని మొట్టమొదట చదివిస్తానన్నారు. ప్రొఫెసరుగారు వింటారు. పిల్ల గట్టెక్కుతుంది. మీ పదవి పోతే పోయింది."

వసుంధర గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సభ నుంచి తెచ్చిన హార్మోనియం ఉంది. దాన్ని చప్పుడు లేకుండా కింద పెట్టింది.

"ప్రొఫెసరుగారు లేరమ్మా. సాయంత్రం బండికి వెళ్ళిపోయారు."

"రేపు వింటానన్నారుగా!"

"ఇది మీ ఇంటి గొడవలా ఉందమ్మా, మధ్యలో నేనెందుకు, సర్దుకున్నాక ఎప్పుడైనా చూద్దాం అన్నారు. ఈ ఏటికి వేరే అబ్బాయిని తీసుకుంటున్నారంట." ఆ పిల్ల గొంతు పెరగలేదు. "నువ్వెవర్ని అడిగి లేచావమ్మా?"

"నీ కోసమేనే," అంది మాణిక్యాంబ.

"నా కోసమా? నాతో ఒక్క ముక్క చెప్పావా? ఆయన నన్ను పక్కన పెట్టి నిజాయితీపరుడన్న పేరు తెచ్చుకున్నారు. నువ్వు నన్ను అడ్డం పెట్టి పద్దెనిమిదేళ్ళ కోపం తీర్చుకున్నావు. ఇద్దరికీ నేనే దొరికాను, కొబ్బరికాయలాగా. పగలగొట్టుకోండి, నీళ్ళు ఇద్దరూ తాగండి."

ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక హార్మోనియం వంక చూస్తూ కూర్చున్నారు. మాణిక్యాంబ ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ తలుచుకుంది. లేచి నిలబడ్డప్పుడు తన కళ్ళ ముందున్నది ఎవరు? పిల్ల కాదు. నెయ్యిగిన్నె. చిన్నవి చేశారే అన్న మాట. ఏటా వందన సమర్పణలో మైకు సెట్టువాడి దాకా అందరి పేర్లూ చదివి, తన పేరు చదవని ఆ గొంతు. పిల్ల గుర్తొచ్చింది లేచాక, సాకు కోసం. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎదురుగా ఉన్న మనిషికి వినిపించకూడదని కాదు, లోపలున్న పిల్లకి వినిపించకూడదని.

ఆదివారం ఉదయం హాల్లో కుర్చీలు ఎక్కువ, జనం తక్కువ. అలిగినవాళ్ళు రాలేదు. అలిగినవాళ్ళని ఓదార్చడానికి వెళ్ళినవాళ్ళూ రాలేదు. సుందరయ్య జీర్ణశక్తి కారణంగా రాలేదు. వసుంధర వేదికెక్కి వ్యాసం చదివింది. ప్రొఫెసరు కూర్చోవలసిన కుర్చీలో ఎవరో ఆయన దండ వదిలేసి వెళ్ళారు. ఆ పిల్ల దాని వంక చూడలేదు.

వీరరాఘవయ్య ఆఖరి వరసలో, భార్య నిన్న కూర్చున్న కుర్చీలో కూర్చున్నాడు. మొదట్లో చేతుల్నేం చెయ్యాలో ఆయనకి తోచలేదు. మైకు సరిచెయ్యక్కర్లేదు, కాఫీలు వచ్చాయో లేదో చూడక్కర్లేదు, అతిథి కారు కోసం గుమ్మంలోకి పరిగెత్తక్కర్లేదు. చెయ్యడానికి ఏమీ లేక వినడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆయన ముందుకి వంగాడు. పక్క వరసలో ఉన్న మాణిక్యాంబ అది చూసింది. పద్దెనిమిదేళ్ళ కార్యదర్శి పరిషత్తులో ఒక వ్యాసం చివరిదాకా వినడం అదే మొదటిసారి.

వ్యాసం అవగానే ఆయన లేచి చెయ్యెత్తాడు. "అధ్యక్షా, ఒక ప్రశ్న."

ప్రొఫెసరు లేక అధ్యక్షత కూడా మోస్తున్న యాకోబు మాస్టారు వాచీ చూసుకుని, ఎంతో మర్యాదగా, "క్షమించాలి రాఘవయ్యగారూ. సమయం అనుకూలించదండి," అన్నాడు.

వీరరాఘవయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కాసేపుండి, కూర్చున్నాడు. ఎత్తిన చెయ్యి దింపడం మర్చిపోయాడు. మాణిక్యాంబే కుర్చీ జరుపుకుని వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

ఇంటికొచ్చి అన్నాలు తిన్నారు. నిన్నటి బొబ్బట్లు మిగిలాయి గానీ ఎవరూ ముట్టుకోలేదు. వసుంధర వరండాలో కూర్చుని వ్యాసం కాగితాలకి దారం కడుతోంది. వీరరాఘవయ్య వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. కార్యదర్శిగా ఆయన ఎన్నడూ మెట్టు మీద కూర్చోలేదు.

"ఒక సందేహం వసుంధరా. లంక మొత్తం కొట్టుకుపోయాక, ఇంకోచోట కొత్త లంక తేలితే, దానికి మళ్ళీ ఆ పాత పేరే ఎందుకు పెడతారమ్మా? నేల అది కాదుగా?"

ఆ పిల్ల కాగితాల మీద నుంచి తలెత్తలేదు. "నేల పోయినా పేరు వదలరు నాన్నగారూ. పేరుంటే ఇది మాదేనని పోట్లాడొచ్చని. పాత నేల మీద ఏం పండించారో చాలామందికి గుర్తు కూడా లేదు. పేరు మాత్రం వదల్లేదు."

వీరరాఘవయ్య ఆ కాగితాల వంక చూశాడు. "ఇది వ్యాసంలో ఉందా?"

"ఉంది. మొదటి పేజీలోనే. రెండేళ్ళ క్రితమే ఉంది."

ఆయన కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఏటా ఆయన కళ్ళొత్తుకోవడం చూసిన మాణిక్యాంబ, ఈసారి కండువా తడిసిందని గమనించింది. గుమ్మంలోంచి వచ్చి తనూ పిల్ల పక్కన కూర్చుంది. వసుంధర జరిగి చోటిచ్చింది గానీ చెయ్యి ఇవ్వలేదు.

"ఇంకో ప్రశ్న ఉందమ్మా," అన్నాడు వీరరాఘవయ్య, సభలో కొత్త సభ్యుడిలాగా. "నీకు టైముందా?"

వసుంధర దారం ముడి వేసి, కొసని పళ్ళతో తెంపింది.

"వాల్తేరు బండి వెళ్ళిపోయిందిగా నాన్నగారూ," అంది. "కావలసినంత ఉంది. అడగండి."