వెంకట్రాం మాట సాయం

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడిన వేసవి అది. నర్సింహులపేట మాజీ సర్పంచ్ వెంకట్రాం పొద్దున్నే వరండాలో కూర్చుని, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"నువ్వేం పరేషాన్ గాకు. మానుకోట దవాఖానల డాక్టరు మా బిడ్డనే గదా! బెడ్డు నేనిప్పిస్త."

పదవి పోయినా మాట పోలేదు ఆయనకు. ఎవరికైనా ఒక మాట చెప్పి పని చేయించడమే ఆయనకు తెలిసిన పుణ్యం. కూతురు రిషిత నంబరు మండలమంతా పంచింది ఆయనే. పెళ్లి కార్డులు కూడా ఎవరూ అంత హుషారుగా పంచరు, మహానుభావుడు!

ఆ రిషిత నిన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చి, ఇక వెళ్లనంది. ఈ పొద్దున తల్లి కమలాదేవి పెట్టిన ఉప్మా ముందు అలాగే కూర్చుంది.

"ఫోను బంద్ వెట్టినవట ఏంది బిడ్డా? లేచి డ్యూటీకి తయారు కా," అంటూ వచ్చాడు వెంకట్రాం.

"నేను పోను నాయినా."

"పోనంటే ఎట్ల? గింత సదివించింది గిందుకేనా? ఊళ్లె నా ఇజ్జత్ ఏంగావాలె?"

"జర ఊకోండ్రి," అంది కమలాదేవి. "పిల్ల మొఖం జూడుండ్రి, ఎట్ల పీక్కపోయిందో."

రిషిత నవ్వింది. ఆ నవ్వుకు తల్లికి భయమేసింది.

"ఐలేశ్ మామకు బెడ్డు ఇయ్యమని ఊకూకె ఫోన్ జేసినవ్ గదా నాయినా?"

"ఇచ్చినవ్, బతికిండు! నీకు మొక్కుతున్నడు."

"అది తండా నుంచి వచ్చిన గోరీ అనే ఆమె బెడ్డు. వంతు ఆమెదే. బయట బెంచీ మీద ఊపిరి గుంజుకుంటున్నది. నీ పోరు పడలేక, ఇంకొంచెంసేపు ఓర్చుకుంటదిలే అనుకున్న. నేనే అనుకున్న నాయినా, డాక్టర్నయ్యుండి! పిలిచేసరికి పలకలే. ఆమె మొగుడు మంగ్యా నాకే దండం వెట్టిండు, మస్తు కష్టపడ్డవమ్మా అని. తిట్టినా బాగుండు. ఆ పీపీఈ సూటు లోపట ఏడిస్తే కండ్లు తుడుసుకునే దిక్కు గూడ లేదు."

వెంకట్రాం మంచం మీద కూలబడ్డాడు. అప్పుడే ఫోన్ మోగింది. కొడకండ్ల నుంచి అక్క విజయ. తల్లి పోయాక ఆయన్ని చంకనెత్తుకుని పెంచిన అక్క.

"తమ్మీ, ఊపిరాడ్తలేదురా. మానుకోటకే తోల్కపోతున్నరు. బిడ్డకు ఒక్క మాట జెప్పురా."

ఆయన కూతురి వైపు చూశాడు.

"అక్కా... ఆ మాట నేను జెప్పనే. నువ్వు దవాఖానకు పో. నీ వంతుకు కూసో. నేనొచ్చి నీ పక్కన కూసుంట."

ఫోన్ పెట్టేసి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నీకు శాతగాకపోతే ఇంట్లనే ఉండు బిడ్డా. నేనేమనను. ఆ తల్లి ఉసురు నాది, నీది గాదు."

రిషిత ఆయన్ని పట్టుకుని భోరుమంది. చాలాసేపటికి లేచి, మొహం కడుక్కుని బ్యాగు తగిలించుకుంది.

"పా నాయినా. అత్తమ్మ కన్న ఎక్కువ కష్టంల ఎవరున్నా, వాళ్లనే ముందుగాల జూస్త."

"గట్లనే," అన్నాడు వెంకట్రాం. తన ఫోను కమలాదేవి చేతిలో పెట్టాడు. "ఎవలు ఫోన్ జేసినా, బెడ్లు నా చేతిల లేవని జెప్పు."