క్లచ్ పోయినప్పుడు చూద్దాం

పొద్దున్నే చిన్ని షెడ్డులో ఎర్రకారు కింద దూరింది. పక్కనే స్టూలు మీద కూర్చుని తండ్రి కాఫీ ఊదుకుంటున్నాడు. ఇద్దరూ మెకానిక్‌లే. పని ఆయన నేర్పాడు, ఇప్పుడు షాపు ఆమె నడుపుతోంది. ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మాత్రం షాపుది కాదు, ఇంటిది. తుక్కు కింద పోవలసినదాన్ని తెచ్చి ఆయన ఏళ్ల తరబడి కూర్చుని ప్రాణం పోశాడు.

"నాన్నా, శనివారం గేర్‌బాక్స్ దించి ఆ బేరింగ్ మార్చేద్దామా?" కింద నుంచే అడిగింది.

"ఊఁ, ఊఁ" అన్నాడాయన.

ఆ ఇంజన్‌కి అదొక్కటే శాపం. లోపలెక్కడో దాక్కున్న ఆ చిన్న బేరింగ్ చెప్పాపెట్టకుండా పోతుంది, పోతూ పోతూ ఇంజన్నంతా ముంచేస్తుంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, క్లచ్ విప్పాలి. అందుకే ఆయనది ఎప్పుడూ ఒకటే పాట: "క్లచ్ పోయినప్పుడు చూద్దాం. ఒక్కసారి విప్పితే రెండు పనులూ అయిపోతాయి." ఆ క్లచ్ పోతే కదా! పసిపాపను నిద్ర లేపకుండా దుప్పటి కప్పినట్టు నొక్కుతాడు దాన్ని.

శనివారం చిన్ని కొత్త బేరింగ్ తెచ్చి బల్ల మీద పెట్టేసరికి ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"ఎవర్నడిగి తెచ్చావు?"

"నిన్నే! ఊఁ అన్నావుగా?"

"నేనెప్పుడన్నాను? నా బండి విప్పడానికి నీకింత తొందరేంటి? ముందు నా చెవి చెప్పాలి."

"చప్పుడు వినపడిందంటే అప్పటికే అయిపోయినట్టేనని నువ్వే కదా నేర్పావు?"

"ఓహో, నాకే పాఠాలు చెప్పేదానివయ్యావా!"

గుమ్మంలో నిలబడ్డ తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంది. "నా మోకాళ్ల గురించి మీరిద్దరూ ఇంతలా పోట్లాడుకుని ఉంటే, ఈపాటికి పరుగు పందేలకి వెళ్లేదాన్ని" అంది.

ఆయన ఇంజన్ స్టార్ట్ చేసి, స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుని, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను దానికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బేరింగుల సంగతి ఆయన అలాగే తేల్చేవాడు. ఆ చెవి మాటకు తిరుగులేదని చిన్నప్పటి నుంచీ చిన్ని నమ్మకం.

గరగరమని ఏదో మొదలైంది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు ఆపమంటాడు అని చిన్ని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడిపోయింది. ఆ మొహం మాత్రం హాయిగా ఉంది.

"విన్నావా? వెన్నలా తిరుగుతోంది" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"ఏంటండీ ఆ చప్పుడు? మిక్సీలో రాళ్లు వేసినట్టు!" తల్లి అరిచింది. "ఏమండీ! మిమ్మల్నే!"

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. చిన్ని పరుగెత్తి తాళం తిప్పేసింది. చేతికింద వణుకు ఆగాక గానీ ఆయన కళ్లు తెరవలేదు.

"ఎందుకు ఆపావు?"

ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. స్క్రూడ్రైవర్ మెల్లగా ఒళ్లోకి జారింది.

"చాలా రోజులైంది తల్లీ" అన్నాడు చివరికి. "ముందు సన్నచప్పుళ్లు పోయాయి. తర్వాత మీ అమ్మ గొణుగుడు. మీ పెదవుల కదలికతో, చేతికి తెలిసే వణుకుతోనే నెట్టుకొచ్చాను. విప్పుదామంటే, ఏం వినపడిందని అడుగుతావు. ఏం చెప్పను?"

తల్లి గుమ్మం దిగి వచ్చి, ఆయన ఒళ్లోని స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టింది.

చిన్ని ఇంజన్ ఆయిల్ దింపింది. బేసిన్‌లో పడిన నల్లటి నూనె నిండా సన్నటి ఇనుప రజను తళతళలాడింది. ఆయన అందులో వేలు ముంచి, బొటనవేలితో నలిపి చూసుకున్నాడు. ఇక ఇంజన్ పోయినట్టే. కొత్త బేరింగ్ డబ్బా కూడా విప్పకుండా బల్ల మీద అలాగే ఉంది.

చిన్నికి ఏడుపు తన్నుకొచ్చింది. ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ కారు కింద నుంచే. ఒక్కసారి పైకొచ్చి ఆ మొహం చూసి అడిగి ఉంటే!

ఆయన ముందు గొంతుకూర్చుంది. "నాన్నా, రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అంది, చేత్తో మొహమంతా తుడుచుకుంటూ.

"ఊఁ, ఊఁ."

"ఏమన్నానో చెప్పు."

ఆయన ఆమె పెదవుల కోసం చూశాడు.

"తెలీలేదమ్మా. చెయ్యి అడ్డం తీసి, మళ్లీ చెప్పు."