నిద్రలో లేచిన చెయ్యి

ఆదివారం పొద్దున అమల సత్యవేడు నుంచి రేణిగుంటలోని పుట్టింటికి వచ్చేసరికి తండ్రి జయరావు వరండాలో కూర్చుని చర్చికి వేసుకెళ్ళే చెప్పులు తుడుచుకుంటున్నాడు. రైల్వేలో పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. కూతుర్ని చూడగానే ముఖం వెలిగింది.

"వచ్చినావా పాపా. లోపలికి పో, అమ్మ దోసెలు పోస్తా ఉండాది."

వంటింట్లో తాయమ్మ వెనక్కి తిరగలేదు. గోడవైపు చూస్తూనే అల్లుడి క్షేమం అడిగింది. అమలకు అనుమానం వచ్చి భుజం పట్టి తిప్పింది. తల్లి ఎడమ కంటి కింద నల్లగా కమిలిపోయి ఉంది.

"ఏమైందిమా ఇది?"

"బాత్రూంలో జారినా."

"పోయినసారి మణికట్టు వాచినప్పుడు గూడా జారినాననే అంటివి."

"వయసు గదా పాపా. ఈరోజు నేను చర్చికి రాను, మీరు పోయి రాండి."

తాయమ్మ జ్వరమొచ్చినా ప్రార్థన మానేది కాదు. అమల ఇంకేమీ అడగకుండా కరివేపాకు కోసమని పక్కింటికి వెళ్ళింది. చంద్రకాంతమ్మ రెబ్బలు తుంచి ఇస్తూ గొంతు తగ్గించింది.

"మీ అమ్మను కొన్నాళ్ళు నీతో తీస్కపో అమలా. రాత్రిళ్ళు మీ నాయన కేకలు మా ఇంట్లోకి ఇనిపిస్తా ఉండాయి. వదులు, సంపేస్తా అని అరస్తాడు. మీ అమ్మను అడిగితే ఏం లేదంటాది."

అమలకు ఊహ తెలిసినప్పటి నుంచి తండ్రి గొంతు పెంచి మాట్లాడటం వినలేదు. అయినా తల్లి ముఖం కళ్ళ ముందు కదులుతుంటే ఆగలేకపోయింది. నేరుగా వరండాలోకి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"నాయనా, అమ్మను ఎందుకు కొడతా ఉండావు?"

జయరావు సరిగా వినలేదనుకున్నాడు. "ఏందిమా?"

"కంటి కింద దెబ్బ నువ్వు సూళ్ళేదా? ఇంకొక్కసారి చెయ్యి ఎత్తినావంటే అమ్మను నాతో తీస్కపోతా. నువ్వు ఈడ ఒక్కడివే ఉండాల."

"బాత్రూంలో పడినానని నాతో సెప్పిందే. తాయీ, ఈడికి రా. పాప ఏందో అంటా ఉండాది, నువ్వు సెప్పు."

తాయమ్మ గుమ్మంలోకి వచ్చి తలవంచుకుని నిలబడింది. అది చూసి జయరావుకు భయం వేసింది.

"నేను కొట్టినానా?"

"నువ్వు కావాలని కొట్టలా. నిద్రలో నీ చెయ్యి లేస్తాది. నీకు తెలీదు."

ఆమె అక్కడే కూలబడి నెమ్మదిగా చెప్పింది. ఏడాదిగా ఇదే వరస. కళ్ళు మూసుకునే అరుస్తాడు, తంతాడు, పిడికిళ్ళతో గుద్దుతాడు. లేపితే పాడు కల వచ్చిందని చెప్పి మళ్ళీ పడుకుంటాడు. సంగతి తెలిస్తే ఆయన ఇక నిద్రే పోడని ఆమె దాచిపెట్టింది.

జయరావు తన చేతులవైపు చూసుకున్నాడు. "ఆడదాన్ని కొట్టేవాడితో మాట గూడా కలపలా నేను," అని మాత్రం అన్నాడు.

తాయమ్మ భయపడినట్టే అయింది. ఆ రోజు నుంచి ఆయన మంచం ఎక్కలేదు. కుర్చీలోనే కూర్చుని, కునుకు వస్తే లేచి ముఖం కడుక్కునేవాడు. మనిషి కళ్ళెదుటే పీక్కుపోవడం చూసి అమల సెలవు పెట్టి, ఇద్దర్నీ తిరుపతిలో నరాల డాక్టరు యోగానంద దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు అంతా విన్నాడు.

"కల వచ్చేటప్పుడు ఒళ్ళు కదలకుండా మన మెదడే బిగించి ఉంచుతుంది. ఈయనకు ఆ పట్టు సడలినట్టుంది. అందుకే కలలో చేసే పని చేతులు కూడా చేసేస్తున్నాయి. ఒక రాత్రి ఇక్కడ పడుకోబెట్టి పరీక్ష చేద్దాం. మందులున్నాయి. అంతవరకూ వేరే మంచాల మీద పడుకోండి. ముందు ముందు నరాల జబ్బేదైనా వస్తుందేమో చూసుకోవాలి కాబట్టి, ఏటా వచ్చి చూపించుకోవడం మాత్రం మానొద్దు."

జయరావు తలూపాడు. తాయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ లేవకుండా కూర్చుంది.

"ఒకటి అడగాల సారూ. మనసులో అణుచుకున్న కోపమే నిద్రలో బయటికి వస్తాదంట గదా. ఈయనకి నా మీద అంత కోపం ఉండాదా?"

జయరావు ఉలిక్కిపడి భార్యవైపు తిరిగాడు. ఏడాదిగా ఆమె దెబ్బలకంటే ఎక్కువగా ఈ అనుమానాన్నే మోస్తోందని అమలకు అప్పుడు అర్థమైంది.

"అలా కాదమ్మా," అన్నాడు డాక్టరు. "పక్కన పడుకున్నారు కాబట్టి దెబ్బ మీకు తగిలింది. కలలో ఆయన ఎదుట ఉన్నది మీరు కాదు. ఏం కనిపిస్తుందో ఆయన్నే చెప్పమనండి."

జయరావు గొంతు సవరించుకున్నాడు.

"కుక్క సార్. పాప సిన్నబిడ్డ, రైలు పట్టాల పక్కన ఆడుకుంటా ఉంటాది. కుక్క వచ్చి గౌను పట్టుకుంటాది. వదులు, సంపేస్తా అని అరుస్తా కొడతానే ఉంటా. ఎంత కొట్టినా వదలదు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ దెబ్బలు తాయికి తగుల్తాయని నాకేం తెలుసు సార్."

తాయమ్మ డాక్టరు ముందే భర్త చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

బయట ఆటో కోసం నిలబడినప్పుడు అమల తండ్రి ముఖం చూడలేకపోయింది.

"అడగరాని మాట అడిగినా నాయనా. తప్పయింది."

"తప్పేముందిమా. మనకెందుకని నువ్వు నోరు మూసుకోని పోయింటే మీ అమ్మ ఇంకా ఎన్ని దెబ్బలు తినేదో. నాయనని గూడా సూడకుండా అమ్మ కోసం నిలబడినావు. అట్లాంటి బిడ్డను పెంచినామని నాకు సంతోషంగా ఉండాది."

అమల రోడ్డు మీదే తండ్రి భుజానికి తల ఆన్చి ఏడ్చేసింది.

ఆటోలో తల్లీకూతుళ్ళ మధ్య కూర్చున్న జయరావు కళ్ళు ఊరు దాటకముందే మూతలు పడ్డాయి. తల వాలి భార్య భుజం మీద ఆగింది. తాయమ్మ పక్కకు జరగలేదు. ఆయన చెయ్యి వదలకుండానే ముందుకు వంగి ఆటో డ్రైవరుతో అంది.

"మెల్లగా పోనీప్పా. ఇప్పుడే నిద్ర పట్టింది ఆయనకి."