ఊదారంగు కిరాయిదార్లు

మందమర్రిల మధ్యాహ్నం మూడు. దుకాణంల ఉప్పు కొనుక్కొని క్వార్టర్‌కు వచ్చిన భూమికకు వాకిట్ల ఎవరివో తోలు చెప్పులు కనబడ్డయ్. ఇంట్లకెల్లి స్పిరిట్ వాసన గుప్పున కొట్టింది.

"సార్ వచ్చిండు బిడ్డా. చాయ్ పోసిన," అన్నడు ఆమె బాపు బుచ్చిరాములు. బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు చేసిన మనిషి. చదువు చెప్పే సారంటే చాలు, ఇల్లంత తెరిచిపెడ్తడు.

ఆ సారు లక్ష్మణ్‌రావు, భూమిక పీహెచ్‌డీకి గైడ్. కరీంనగర్ నుంచి కార్ల దిగి, ఆమె ఉప్పునీళ్ల తొట్టిల ఉత్తచేతులు పెట్టి, సముద్రపు స్పాంజిని బయటికి గుంజి, స్పిరిట్ దూదితోని రుద్దుతుండు! కడలి అడుగున రాయిని పట్టుకొని బతికే జీవి అది. కాలేజీల కరెంటుకు నమ్మకం లేదని భూమిక దాన్ని ఇంటికి తెచ్చి, నాలుగేండ్లు పసిపిల్లలెక్క సాకింది. దాని ఊదారంగంత ఇప్పుడు ఆయన సీసలల్ల ఉన్నది. రాయి మీద తెల్లటి ముద్ద మిగిలింది.

"వచ్చే నెల సైంటిస్టుల మీటింగుల ఈ రంగు నేను చూపిస్త," అన్నడాయన.

"అది నా పని సార్!"

"నీ పేరు ఆఖర్ల పెడ్తలే."

భూమికకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇసుంట రమ్మంటే ఇల్లంత నాదే అన్నట్టుంది గీయన కథ!

"అది ఉత్త రంగు కాదు సార్! కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని పట్టుకొనే కిరాయికుంటయ్. ఎవర్ని రానియ్యాలె, ఎవర్ని ఎల్లగొట్టాలె... ఆ రంగే చూసుకుంటది. రంగు యాడికి పోతే అవి ఆడికి పోతయ్. ఖాళీ అయిన ఒంట్లకు ఇంకేదో దిగుతది. చేతులకు తొడుగులన్న ఏసుకోకపోతిరి!"

ఆయన నవ్వి, చేతులు తుడుసుకున్నడు. ఊదా పోలే.

నాలుగో రోజు ఆయన భార్య రుక్మాబాయి ఫోన్ చేసింది. "జర వచ్చిపో బిడ్డా. సార్ మస్తు పరేషాన్ల ఉన్నడు."

కరీంనగర్‌ల ఆ ఇంటి తలుపు తీస్తేనే పాచి వాసన. లోపలి గదిల పరదాలు ఏసి ఉన్నయ్. లక్ష్మణ్‌రావు కుడిచెయ్యి బకెట్‌ల ఉప్పునీళ్లల్ల మునిగి ఉన్నది. భుజం దాకా ఊదా. తోలు నిండ సన్నటి రంధ్రాలు... తెరుచుకుంటున్నయ్... మూసుకుంటున్నయ్. నీళ్లు పీలుస్తున్నయ్. సుప్... సుప్...

"బయటికి తీస్తే... గుంజుతది," గుసగుసలాడిండు. "వాపస్ తీస్కపో భూమికా..."

భూమిక రెండడుగులు ఎనకకు జరిగింది. అయినా కోపం సావలే. నా నాలుగేండ్ల పని తిన్నడు, ఇప్పుడు యాదికొచ్చిననా?

"ముందుగాల రాసియ్యుండ్రి. పని నాదని."

ఎడమచేత్తోని రాసిచ్చిండు. కాయితం గుంజుకొని, ఎనకకు తిరిగి చూడకుంట బస్టాండ్‌కు వచ్చింది. జాలి లేదు. జర కూడ లేదు.

బస్సు కదిలినంక బాపు ఫోన్. గొంతుల సంబురం.

"బిడ్డా, తొట్టిల నీ జీవి సావలే! మల్ల రంగొచ్చింది!"

భూమికకు పానం లేచొచ్చింది. "ఊదానేనా బాపూ?"

"ఊదా కాదే... మనిషి తోలు రంగు. గోళ్లు సుత మొలిసినయ్ బిడ్డా. మస్తు పెరిగినయ్... కత్తిరించమంటవా?"