పదకొండింటి బుడిపె

మొదటి రోజే ఆమెకు అతనంటే ఒళ్లు మండింది. పక్క ల్యాబ్ నుంచి వచ్చి, తలుపు కూడా తట్టకుండా లోపలికి జొరబడి, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే ఇస్తారా అని అడిగాడు. పంపుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడట. పంపులు విప్పి బిగించేవాడి దగ్గర స్క్రూడ్రైవర్ లేదంటే, ఇక ఆ పీహెచ్‌డీ ఏపాటిదో ఆమెకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఆమె సంగతి వేరు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను త్రాసమ్మ అని పిలుచుకునేవాళ్లు, ఆమె ఎదుట మాత్రం కాదు. మూడేళ్లుగా ఆమెది ఒకటే పని. బూడిదతో తను తయారుచేసిన ఇటుక గాలిలోని తేమను ఎంత పీల్చుకుంటుందో తూచడం. అగ్గిపెట్టెంత ఇటుక ముక్క గాజు పెట్టెలో, త్రాసు మీద, రాత్రింబవళ్లు కూర్చుని ఉంటుంది. నిమిషానికోసారి దాని బరువు కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. కనురెప్ప వెంట్రుక రాలి పడినా పసిగట్టే త్రాసు అది. పెట్టె మీద ఎర్ర అక్షరాలతో "ముట్టుకోరాదు" అని అంటించింది. మనుషుల విషయంలోనూ ఆమె పద్ధతి ఇంచుమించు అదే.

ల్యాబ్ నుంచి ఏ వస్తువు బయటికి వెళ్లినా రిజిస్టర్‌లో రాయాలి. తేదీ, సమయం, వస్తువు, ఎందుకు, ఎప్పుడు తిరిగి ఇస్తారు, సంతకం. దుమ్ము కొట్టుకుపోయిన ఆ రిజిస్టర్‌ను ఆమె అతని కోసమే దులిపి, త్రాసు బల్ల పక్కన స్టూలు మీద పెట్టింది. విసుగు పుట్టి మానేస్తాడని ఆశ.

మానలేదు. రోజూ పదకొండు దాటగానే దిగబడేవాడు. ఒకరోజు స్క్రూడ్రైవర్, ఒకరోజు పానా, ఒకరోజు టేపు. సాయంత్రానికి బుద్ధిగా తెచ్చి గుమ్మం దగ్గరే ఇచ్చి పోయేవాడు. వాన రోజున గొడుగు అడిగాడు. రెండు ల్యాబుల మధ్య ఉన్నది నాలుగడుగుల వరండా, దానికి పైకప్పు కూడా ఉంది. అయినా సిగ్గుపడకుండా "ఎందుకు" అన్నచోట "వాన" అని రాసి సంతకం పెట్టాడు.

ఆమె అతనికి 'అరువు' అని పేరు పెట్టింది. అరువు రాగానే, "రిజిస్టర్ అక్కడుంది, రాసుకోండి" అని కుర్చీ గోడవైపు తిప్పేసుకునేది. అతను రాస్తూ రాస్తూ ఆమె వీపుతో పది నిమిషాలు కబుర్లు చెప్పేవాడు. తన పంపు నీళ్లకు బదులు గాలి ఎలా మింగుతోందో, ఊళ్లో వాళ్ల నాన్న ఫోన్ చేసి నీ చదువు ఎప్పటికి తెములుతుందిరా అని ఎలా తిడతాడో. ఆమె ఒక్కసారీ తల తిప్పలేదు. అయితే ఆ కబుర్లన్నీ సాయంత్రం ఫోన్లో వాళ్లమ్మకు పూస గుచ్చినట్టు చెప్పి, "చూశావా, ఎంత పనిలేని మనిషో" అనేది.

రెండో నెలలో ఆమె గ్రాఫ్‌లో బుడిపె కనిపించింది. రోజూ పదకొండూ పదికి ఇటుక బరువు రవ్వంత పెరిగి, ఓ పది నిమిషాలు అలాగే ఉండి, మళ్లీ తగ్గుతోంది. ఆదివారాలు లేదు, సెలవుల్లో లేదు.

గైడ్ గారికి చూపించింది. ఆయన ఫొటో దిగడానికి తప్ప ఆ ల్యాబ్‌లో అడుగు పెట్టి ఏడాదైంది. గ్రాఫ్ చూసి ఆయన పొంగిపోయాడు. ఇటుక ఊపిరి పీలుస్తోందన్నాడు. ఆదివారం బిల్డింగ్‌లో ఏసీలు ఆపేస్తారు కాబట్టి పీల్చదన్నాడు. పది రోజుల్లో పేపర్ తయారైంది, దాని మీద ఆయన పేరు ముందు. ఆయన్ని అనుకుని ఏం లాభం, ఆమె కూడా ఆ పది రోజులూ గాల్లో తేలింది. థీసిస్‌లో ఒకటిన్నర అధ్యాయం ఆ బుడిపె మీదే రాసింది. కమిటీ ఒప్పుకుంటే నెలలో థీసిస్ ఇచ్చేయొచ్చు.

అంతలో అరువు రావడం మానేశాడు. వాళ్ల నాన్నకు కంటి ఆపరేషనట, పది రోజులు చుక్కల మందు వెయ్యాలట. వెళ్లేముందు ఆ మాట ఆమె వీపుకే చెప్పి వెళ్లాడు. పీడా విరగడైందనుకుంది. రెండో రోజు పదకొండింటికి తలుపువైపు చూసి, గడియారం కోసమే చూశానని తనకు తను నచ్చజెప్పుకుంది. గడియారం తలుపుకు ఎదురు గోడకుంది.

మూడో రోజు గ్రాఫ్ చూస్తే బుడిపె లేదు. నాలుగో రోజూ లేదు. పది రోజులు గడిచినా స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత.

గైడ్ గారు తడుముకోలేదు. మెషిన్ మొరాయించి ఉంటుంది, ఆ పది రోజులూ తీసెయ్యి, గురువారం కమిటీ ముందు దీని ఊసెత్తకు అన్నాడు. ఆమె సరేనని వచ్చి, తీసెయ్యడానికి చెయ్యి రాక, రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంది.

అరువు సంతకం ఉన్న ప్రతి రోజూ బుడిపె ఉంది. అతను రెండుసార్లు సంతకం పెట్టిన రోజు రెండు బుడిపెలు. గొడుగు రోజున అతను చాలాసేపు వాగాడని గుర్తు, ఆ రోజు బుడిపె పాతిక నిమిషాల వెడల్పుంది. ఆమె లేచి వెళ్లి స్టూలు పక్కన నిలబడింది. అక్కడ నిలబడి రాసే మనిషి మోచెయ్యి ఎక్కడ ఆనుతుందో తెలుసుకోవడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. బల్ల మీద చెయ్యి ఆనించింది, నిమిషం తిరిగేసరికి స్క్రీన్ మీద గీత పైకి లేచింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అతను ఊరి నుంచి వచ్చిన రోజే గ్రాఫ్ పట్టుకుని పంపుల ల్యాబ్‌లోకి వెళ్లింది. అక్కడ అడుగు పెట్టడం అదే మొదటిసారి. అతన్ని కడిగిపారేద్దామని తెచ్చుకున్న మాటలన్నీ గోడను చూడగానే ఆగిపోయాయి. గోడ నిండా చెక్క, చెక్క నిండా పనిముట్లు. స్క్రూడ్రైవర్లే చిన్నా పెద్దా పదిహేడు, ఒకదాని పక్కన ఒకటి.

"ఇవేంటి?" అంది.

"స్క్రూడ్రైవర్లు."

"మరి మా ల్యాబ్‌కెందుకొచ్చారు?"

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్లను కూడా తుడిచాడు. "మీరుంటారని."

"నేనేం చూపించాను మీకు? వీపేగా."

"అదైనా చాలనిపించింది."

ఆమె గ్రాఫ్‌ను బల్ల మీద పరిచింది. అతనూ పరిశోధన చేసేవాడే, తేదీలు చూడగానే మొహం పాలిపోయింది. పెట్టె ముట్టుకోవద్దని రాశారు గానీ బల్ల గురించి రాయలేదని నసిగాడు. ఆమె చూసిన చూపుకి అదీ మింగేశాడు.

"ఒకటిన్నర అధ్యాయం," అంది ఆమె. "మీ మోచెయ్యి మీద రాశాను. గైడ్ గారు ఈ పది రోజులూ తీసెయ్యమంటున్నారు."

"మీరు తియ్యరు," అన్నాడతను. "గురువారం నేనొస్తాను. వాళ్ల ముందే ఆని చూపిస్తాను. నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతారు."

"పిలవకుండా రావడం మీకు అలవాటేగా," అని వచ్చేసింది. వరండాలో నాలుగడుగులు నడవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

గురువారం ఆమె కమిటీ ముందు నిలబడి, ఇటుక ఊపిరి పీల్చడం లేదని చెప్పింది. గైడ్ గారు రెండుసార్లు అడ్డుపడ్డాడు. రిజిస్టర్ బయటికి తీసేసరికి ఆయనకు దగ్గు వచ్చింది. రుజువు చూడందే ఒప్పుకోమని అందరూ కలిసి ల్యాబ్‌కి నడిచారు. అరువు మోచెయ్యి ఆనించాడు, గీత లేచింది. తీశాడు, పడింది. మూడుసార్లు అలాగే చేయించారు. తెచ్చిపెట్టుకున్న గాంభీర్యంతో ఇద్దరు ప్రొఫెసర్లు ఒక మోచేతిని పరీక్షించడం చూస్తే, చదువు మీద ఎవరికైనా విరక్తి కలుగుతుంది.

కమిటీలో పెద్దావిడ కళ్లద్దాలు తీసింది. "ఈ మూడుసార్ల సంగతి సరే. రెండు నెలలు రోజూ వచ్చి ఈ బల్లకు ఆనుకున్నావు. ఎందుకు బాబూ?"

అతను గైడ్ గారిని చూశాడు, ఇటుకను చూశాడు. "ఈ అమ్మాయి ఏమైనా మాట్లాడితే విందామని మేడమ్."

"మాట్లాడిందా?"

"గోడవైపు తిరిగి, రిజిస్టర్‌లో రాసుకోండి అనేది."

పెద్దావిడ ఆమె వైపు తిరిగింది. "రెండు నెలల్లో ఒక్కసారి తల తిప్పి చూసుంటే ఈ తప్పు దొరికేదిగా అమ్మా. ఎందుకు చూడలేదు?"

"చూడదగ్గ మనిషి కాదనుకున్నాను మేడమ్."

"ఇప్పుడో?"

ఆమె చెవులు వేడెక్కాయి. గాజు పెట్టె వైపు చూస్తూ చెప్పింది. "కొలవడంలో తప్పు నాదే మేడమ్."

ఎవరూ నవ్వలేదు. అరువు మాత్రం మళ్లీ బల్లకు ఆనుకోబోయి, నాలుక కరుచుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

బుడిపె అధ్యాయం కొట్టేశారు. ఇంకో ఆరు నెలలు తూచమన్నారు. గైడ్ గారు పేపర్ మీద ముందున్న తన పేరును అందరికంటే ముందు తీసేసుకున్నాడు. ఆరు నెలలు ఆలస్యమని చెబితే, వాళ్లమ్మ ఇటుక గురించి ఒక్క మాటా అడగలేదు. "ఆ అబ్బాయి నాన్నగారికి కన్ను ఎలా ఉందటే?" అని అడిగింది.

మర్నాడు పదకొండూ పదికి ఎవరో తలుపు తట్టారు. తట్టడం అతనికి కొత్త, రెండుసార్లు తట్టి మూడోది మధ్యలో ఆపేశాడు.

"రా," అంది ఆమె. మాటలోంచి 'మీరు' ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు.

స్టూలు బల్ల దగ్గర లేదు. కిటికీ దగ్గరికి మారింది, దాని పక్కన ఖాళీ కుర్చీ. అతను అలవాటుగా రిజిస్టర్ తెరిచి పెన్ను తీశాడు. ఆ రోజు వరస అప్పటికే నిండి ఉంది, ఆమె దస్తూరీతో. వస్తువు అన్నచోట "పక్క ల్యాబ్ మనిషి". ఎందుకు అన్నచోట "కబుర్లకు". తిరిగి ఇచ్చే తేదీ దగ్గర అడ్డంగా గీత కొట్టేసి ఉంది. కింద తీసుకున్నవారి సంతకం ఆమెది.

అతను అది రెండుసార్లు చదివి, మూత పెట్టని పెన్ను జేబులో పెట్టుకుని, ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పు," అంటూ ఆమె కుర్చీ అతని వైపు తిప్పుకుంది. "పంపు ఇంకా గాలి మింగుతోందా?"