పొగరు గొంతు

"ఈవిడకి ఇంత పొగరేంటండీ బాబూ," అన్నాడు లిఫ్టు మెకానిక్, చేతిలోని రిమోట్ సోఫా మీద పడేస్తూ.

టీవీలో వెండిరంగు గౌను వేసుకున్న హీరోయిన్ నడుం మీద చేయి పెట్టుకుని నవ్వుతోంది. అదొక క్విజ్ వీడియో గేమ్. పేరున్న ఆ హీరోయినే ప్రశ్నలు అడుగుతుంది. ముందు బటన్ నొక్కినవాళ్ళు జవాబు చెప్పాలి. తప్పు చెబితే చురక వేస్తుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం, బయట వాన దంచుతుంటే, నర్సుగా పనిచేసే స్నేహితురాలి ఇంటి హాల్లో అంతా చేరి ఆడుతున్నారు. చురకలన్నీ మెకానిక్ వాటాకే వస్తున్నాయి.

ఇప్పుడే పడిన చురక ఇది: "తొందరపడి నొక్కారు, తీరిగ్గా ఓడారు. ఫరవాలేదు, మీలాంటివాళ్ళు లేకపోతే గెలిచేవాళ్ళకి సరదా ఏముంటుంది?"

"అది పొగరు కాదు, చిలిపితనం," అంది సోఫా చివర కాళ్ళు ముడుచుకుని కూర్చున్న అమ్మాయి. నర్సుకి చిన్ననాటి స్నేహితురాలు. మెకానిక్ ఆమెను చూడడం అదే మొదలు.

"నాకు మాత్రం పొగరులాగే వినిపించింది. ఆ హీరోయిన్ ఏదో కాగితం చూసి గబగబా చదివేసి, కారెక్కి వెళ్ళిపోయుంటుంది."

"గబగబా చదివిందా? ఆ ఒక్క మాట పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా చెప్పించారు. 'ఫరవాలేదు' దగ్గర నవ్వు ఎక్కువైందన్నారు. తగ్గిస్తే ప్రాణం పోయిందన్నారు."

"మీరు పక్కనే ఉండి చూసినట్టు చెప్తున్నారే."

ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది. నిటారుగా కూర్చుని, అతని కళ్ళలోకి చూస్తూ, చురక మొత్తం అప్పజెప్పింది. అదే గొంతు. అదే విరుపు. 'ఫరవాలేదు' దగ్గర అదే నవ్వు.

అందరూ టీవీని చూశారు, ఆమెను చూశారు, మళ్ళీ టీవీని చూశారు. నర్సు ఒక్కతే మూతి బిగించి నవ్వాపుకుంటోంది.

"ఇప్పుడు చెప్పండి. పొగరేనా?"

"పొగరేనండి," అన్నాడతను. "కానీ చాలా బాగుంది."

ఆమెకు నవ్వాగలేదు. ఆ వెంటనే నాలుక కరుచుకుంది. తానొక డబ్బింగ్ ఆర్టిస్టునని, ఆ హీరోయిన్‌కి మన భాష రాదని, గొంతు తనదన్న సంగతి బయటపెట్టకూడదని గేమ్ కంపెనీవాళ్ళు షరతు పెట్టారని చెప్పింది. "కోపంలో నోరు జారాను. దయచేసి అందరూ మర్చిపోండి."

"నేను అసలు వినలేదు," అన్నాడు మెకానిక్. "ఇంకోసారి చెబితే, అదీ వినను."

అలా మొదలైంది వాళ్ళ స్నేహం.

మీరు కాస్తా నువ్వు అయింది. అతను పనిలో ఉన్నప్పుడు ఫోన్‌కి ఆ హీరోయిన్ గొంతుతో వాయిస్ మెసేజీలు వచ్చేవి. "లిఫ్టు కదిలిందా, లేక నీలాగే ఆలోచిస్తూ నిలబడిపోయిందా?" అని ఒకటి. "మెకానిక్ గారూ, పైకి తీసుకెళ్ళే పని చేస్తూ మీరెందుకండీ ఇంకా కిందే ఉన్నారు?" అని ఇంకొకటి. అతను ఒకటికి పదిసార్లు విని, తనలో తనే నవ్వుకుంటూ పానా తిప్పేవాడు.

ఇంట్లో మాత్రం ఆమెకు ఆ ముచ్చట లేదు. తండ్రి టూరిస్టు బస్సు డ్రైవరు. కూతురంటే ప్రాణం. ఆమె పనంటేనే మింగుడు పడదు. "అమ్మాయి ఏం చేస్తుందని బస్సులో అడుగుతారమ్మా. ఏం చెప్పను? ఎవరి నోటికో గొంతు అరువిస్తుందని చెప్పనా?" అనేవాడు.

ఒకరోజు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగింది. లోపల ఒక పెద్దావిడ, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. పెద్దావిడ భయంతో ఏడుపు మొదలుపెట్టింది. మెకానిక్ తలుపు సందులోంచి ఎంత ధైర్యం చెప్పినా ఆపలేదు.

అతనికి వేరే దారి తోచలేదు. ఫోన్ తీసి సందు దగ్గర పెట్టి ఆ వాయిస్ మెసేజీలు వినిపించాడు. ఏడుస్తున్న పెద్దావిడ ఠక్కున ఆగి, "ఎవరయ్యా ఈ గడుసుపిల్ల?" అంది.

"అచ్చం క్విజ్ గేమ్‌లో హీరోయిన్ గొంతే కదా అన్నా," అన్నారు కాలేజీ పిల్లలు.

"హీరోయిన్ గొంతు కాదు. నాకు తెలిసినమ్మాయిది. గేమ్‌లో మాట్లాడింది తనే," అన్నాడు. ఆ క్షణంలో అతన్ని చూస్తే, ఛాతీ పొంగించి, సొంతంగా లిఫ్టు కనిపెట్టినవాడిలా ఉన్నాడు.

అతను తలుపు తెరిచేసరికి ముగ్గురూ నవ్వుతూ బయటికొచ్చారు. కాలేజీ పిల్లల్లో ఒకరు ఆ మాటల్ని ఫోన్‌లో రికార్డు చేసి, సాయంత్రానికల్లా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. తెల్లారేసరికి అది ఊరంతా తిరిగింది.

డబ్బింగ్ డైరెక్టర్ నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. రెండో గేమ్ రికార్డింగ్ ఆపేశారట. వచ్చి మాట్లాడమన్నాడు.

సంగతి తెలిసి మెకానిక్ స్టూడియో గేటు దగ్గరికి పరిగెత్తాడు. మళ్ళీ వాన. ఆమె గొడుగు కింద నిలబడి ఉంది. అతన్ని లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాది. ఆవిడ ఏడుస్తుంటే చూడలేకపోయాను. కంపెనీవాళ్ళతో నేనే మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు? గొంతు నాది కాదని చెప్తావా?"

"నీ పని పోకుండా ఉండాలంటే, అదీ చెప్తాను."

"అది చెప్పావంటే నిజంగా మాట్లాడను నీతో. నిన్న రాత్రంతా నీ మీద కోపంతో కూర్చున్నాను. ఆ వీడియో మళ్ళీ మళ్ళీ విన్నాను. 'గేమ్‌లో మాట్లాడింది తనే' అన్నావు చూడు, అంత గర్వంగా నా గురించి నేను ఎప్పుడూ చెప్పుకోలేదు. నా కోపం సగం నా మీదే. నువ్వు వెళ్ళు. లోపల మాట్లాడాల్సింది నేను."

లోపల డైరెక్టరు, కంపెనీ మేనేజరు కూర్చున్నారు. అది ఎవరో చేసిన మిమిక్రీ అని ఒక వీడియోలో చెప్పేస్తే గొడవ సద్దుమణుగుతుందన్నాడు మేనేజరు.

"షరతు తప్పినందుకు క్షమించండి సర్," అందామె. "కానీ అబద్ధం చెప్పను. రెండో గేమ్‌కి నా గొంతు కావాలంటే, తెర మీద నా పేరు కూడా వేయండి. కుదరదంటే వేరే వాళ్ళని చూసుకోండి."

బయటికొచ్చి బస్టాప్‌లో కూర్చుని నీళ్ళు తాగింది. పని పోయినట్టే అనుకుంది. అయినా వెనక్కి వెళ్ళి మాట మార్చుకోవాలని మాత్రం అనిపించలేదు.

కొన్ని రోజులు ఏ కబురూ లేదు. తరవాత డైరెక్టరే ఫోన్ చేశాడు. కంపెనీవాళ్ళ మనసు మార్చింది ఆ హీరోయినేనట. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా "ఒక్క చురక వేయండి మేడమ్" అని మైకు ఇస్తున్నారట. నోరు తెరవలేక తల ప్రాణం తోకకొస్తోంది, ఆ అమ్మాయి పేరు వేసేసి నన్ను బతికించండి అని కంపెనీవాళ్ళకి తెగేసి చెప్పిందట.

ఆమె ఫోన్ పెట్టేసి, నేరుగా మెకానిక్ పనిచేస్తున్న బిల్డింగ్‌కి వెళ్ళింది. కింది అంతస్తులో తెరిచి ఉన్న లిఫ్టు తలుపు దగ్గర నిలబడి పైకి పిలిచింది.

"ఎక్కడున్నావు?"

"పైన. లిఫ్టు నెత్తిమీద."

"నా పేరు వేస్తున్నారు."

పైన ఏదో ఇనప సామాను ఠంగున పడింది. "మళ్ళీ చెప్పు."

"తెర మీద నా పేరు వేస్తున్నారు. ఇంకో మాట కూడా ఉంది. నువ్వంటే నాకిష్టం. ఇది గేమ్‌లో గొంతు కాదు, నా సొంత గొంతు."

లిఫ్టు గోతిలో ఆ మాట అన్ని అంతస్తులకీ మోగింది.

"నాకూ ఇష్టమే," అని పైనుంచి అతను అరిచాడు. "మొదటి రోజు నువ్వు కాఫీ కప్పు కింద పెట్టినప్పట్నుంచీ."

ఏదో అంతస్తు నుంచి ఒక పెద్దాయన గొంతు వచ్చింది. "శుభం. ముందు ఆ లిఫ్టు సంగతి చూడవయ్యా, మెట్లెక్కలేక చస్తున్నాం."

రెండో గేమ్ వచ్చిన వారం, ఆమె మెకానిక్‌ని ఇంటికి పిలిచింది. తండ్రి డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం విప్పకుండానే టీవీ ముందు కూర్చున్నాడు. గేమ్ మొదలైంది. హీరోయిన్ వచ్చి నవ్వింది. కింద పెద్ద అక్షరాలతో 'గాత్రం' అని, పక్కనే కూతురి పేరు. పేరు ముందు ఆయన ఇంటిపేరు.

ఆయన చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. "ఇది ఆపడం ఎలాగమ్మా?" అన్నాడు.

ఆమె ఆపింది. ఆయన లేచి టీవీ పక్కన నిలబడి, పేరు కనబడేలా ఫొటో తీయమన్నాడు. జుట్టు సర్దుకుని, మరొకటి తీయమన్నాడు. అప్పుడు మెకానిక్ వైపు తిరిగాడు.

"లిఫ్టు దగ్గర చాటింపు వేసింది నువ్వేనా?"

"నేనేనండి," అన్నాడతను.

"తండ్రినై ఉండి నేను చెప్పుకోలేనిది నువ్వు చెప్పావు. అమ్మాయి నీ సంగతి కూడా చెప్పింది. మీ వాళ్ళని ఒకసారి తీసుకురా, మాట్లాడుకుందాం."

వంటింటి గుమ్మంలోంచి అమ్మ తొంగిచూసి, కూతురి కళ్ళలోకి చూసి నవ్వింది.

తండ్రి ఫోన్ తీసి బస్సు డ్రైవర్ల గ్రూపులోకి ఫొటో పంపి, మైకు గుర్తు నొక్కి, గొంతు సవరించుకున్నాడు.

"అన్నలూ, ఈ గేమ్‌లో మాట్లాడేది మా అమ్మాయి," అన్నాడు.